మూడో పెన్‌డ్రైవ్

జగదల్‌పూర్ ఆస్పత్రిలో తెలివి వచ్చాక రాంప్రసాద్ అడిగిన మొదటి మాట తన కళ్ళ గురించి కాదు. "పొజ్జా ఏడి?" అన్నాడు.

ముఖం మొత్తం కట్టు. రెండు చేతులకీ కట్లే. వాటి మధ్య నుంచి పెదాలు మాత్రం కదిలాయి. పక్కన స్టూలు మీద కూర్చున్న అతని భార్య వాసవికి అప్పటికే తెలుసు, పొజ్జా లేడని. దసరా వెళ్ళిన వారంలో, భేజ్జి సంత ముగించుకుని ఇద్దరూ పికప్ బండిలో కోంటా తిరిగొస్తుంటే మట్టిరోడ్డు కింద మందుపాతర పేలింది. ఎవరి కోసం పెట్టారో ఏమో, వీళ్ళ బండి చక్రం దాని మీదికి ఎక్కింది. పొజ్జా శవాన్ని ఊరివాళ్ళు తీసుకుపోయి చేయవలసిన కార్యం చేసేశారు. ఆ కబురు వాసవి ఆస్పత్రి వరండాలో విని, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని లోపలికి వచ్చింది.

"ఉన్నడు," అంది. "కాలు ఇరిగింది. కింద వార్డుల పడుకోబెట్టిండ్రు."

అప్పటికి అలా చెప్పి, నాలుగు రోజులాగి అసలు సంగతి చెప్పేద్దామనే అనుకుంది. డాక్టరు కూడా ఇప్పుడే ఏదీ చెవిన వెయ్యొద్దన్నాడు. కానీ జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్, అక్కడి నుంచి హైదరాబాద్ కంటి ఆస్పత్రి. ఎక్కడికి పోయినా రాంప్రసాద్ అడగడం మానలేదు. ఒకసారి చెప్పిన అబద్ధానికి రోజూ మేత వెయ్యాల్సి వచ్చింది. పొజ్జా ఊరికి పోయాడంది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడంది. కాలు ఇంకా నిలవడం లేదు గనక కోంటా దాకా రాలేడంది. చెప్పగా చెప్పగా ఆ కర్ర పట్టుకుని నడిచే పొజ్జా ఆమె కళ్ళకే ఒక్కోసారి కనిపించేవాడు.

రాంప్రసాద్ తండ్రి దగ్గర పొజ్జా తండ్రి బస్తాలు మోశాడు. ఆ కొడుకు దగ్గర ఈ కొడుకు. కోంటాలో కొట్టు వాసవి చూసుకుంటే, వీళ్ళిద్దరూ ఉప్పు, నూనె, సబ్బులు, ఎండుచేపలు వేసుకుని చుట్టుపక్కల సంతలన్నీ తిరిగేవాళ్ళు. రాంప్రసాద్ తెలుగులో మొదలుపెట్టిన మాటని పొజ్జా తన దోర్లీ భాషలో ముగించేవాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. అలాంటి మనిషి రాకపోతే ఎందుకు రాలేదని రాంప్రసాద్ అనుమానించలేదంటే, భార్య మాట మీద అతనికున్న నమ్మకం అంతటిది.

చలికాలంలో ఇంటికి తీసుకొచ్చారు. రెండు కళ్ళూ పోయాయి. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. మిగిలిన వేళ్ళ కొసలు కాలి, మాని, మైనంలా నున్నగా తయారయ్యాయి. కొట్టు వెనక గదిలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూడవచ్చిన వాళ్ళని వాసవి ముందు గదిలోనే ఆపి, పొజ్జా మాట ఎత్తొద్దని గుసగుసగా చెప్పి లోపలికి పంపేది. భద్రాచలం బస్సులో వచ్చే తెలుగు పేపరు ఆమే చదివి వినిపించేది. కోంటా వైపు వార్తలు, బాంబుల వార్తలు, పోలీసు క్యాంపుల వార్తలు వదిలేసి చదివేది.

"ఈమధ్య పేపరు ఇంత సన్నగైందేంది?" అన్నాడొకసారి.

"కాగితం రేటు పెరిగిందంట," అంది వాసవి.

*

కొత్త సంవత్సరం సెలవుల్లో వాసవి తమ్ముడు భానుప్రకాష్ వచ్చాడు. జగదల్‌పూర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకి కంప్యూటర్ నేర్పుతాడు. బావ మంచం పక్కన కాసేపు కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక బయటికొచ్చి, కొట్టు లెక్కల కోసం ఎప్పుడో కొన్న పాత కంప్యూటర్ మీద గుడ్డ తీశాడు.

"అక్కా, ఇది పనిచేస్తదా?"

"చేస్తది. కానీ స్విచ్ వేసి అన్నం వండుకొని రావచ్చు, అప్పటికి తెరుచుకుంటది."

"బావకి ఇది చాలు," అన్నాడు భానుప్రకాష్. గుడ్డివాళ్ళకి స్క్రీన్ మీద ఉన్నదంతా చదివి వినిపించే ఏర్పాటు కంప్యూటర్లలో ఉంటుందని చెప్పాడు. ఫోన్‌లోనూ ఉంటుంది గానీ, ముందే బావ చేత ప్రయత్నం చేయించి చూశాడు. కాలిన ఆ వేళ్ళ కొసల్ని ఫోన్ అద్దం గుర్తుపట్టలేదు. కీబోర్డు మీటలైతే నొక్కితే చాలు.

"దీంట్ల ఉన్న విండోస్ పాతది. కొత్తది ఈ మెషీన్ మోయలేదు. లినక్స్ పెడదం."

"అదేంది?"

"అది కూడ విండోస్ లెక్కనే, కంప్యూటర్ని నడిపిచ్చేది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండ్రి, మార్చుకోండ్రి అని ఊరికే ఇచ్చేసిండ్రు. అందుకే దాంట్ల రకాలు బోలెడు. కొత్తగ నేర్చుకునేటోళ్ళకి సులువుగ ఉండేవి మూడు తెచ్చిన." జేబులోంచి మూడు పెన్‌డ్రైవులు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి గుచ్చి నడిపి చూడొచ్చు. లోపలున్నది ఏదీ చెరగదు. మూడూ చూసి, నచ్చింది పెట్టుకుందం."

మొదటిది గుచ్చాడు. స్క్రీన్ మీద పచ్చటి కొండలు, మంచు. కింద వరసగా చక్కటి బొమ్మలు. "అందరూ మొదలు ఇదే పెట్టుకోమంటరు. విండోస్ వాడినోళ్ళకి తేడానే తెల్వదు," అన్నాడు.

వాసవి ఆ కొండల వంక చూస్తూ నిలబడింది. "బాగుంది. కానీ ఇదంతా ఎవరు చూడాలె?"

భానుప్రకాష్ జేబులోంచి చేతిరుమాలు తీసి తన కళ్ళకే కట్టుకున్నాడు. "నువ్వు చెప్పింది నిజమే. ఇట్ల చూడాలె దీన్ని," అన్నాడు.

కళ్ళు కట్టుకుని, గొంతు పలికించి, మీటలు నొక్కాడు. ఆ పాత మెషీన్‌కి ఇది బరువైపోయింది. మీట నొక్కిన ఎంతసేపటికో గానీ మాట వచ్చేది కాదు. ఈలోగా ఇంకో మీట నొక్కేవాడు. రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడేవి. పిల్లలకి పాఠాలు చెప్పేవాడు కూడా తానెక్కడున్నాడో తెలియక రుమాలు ఊడదీసేశాడు.

రెండోది తేలిక. గుచ్చగానే చకచకా తెరుచుకుంది. అయితే గొంతు దానంతటది పలకదు. బాణం గుర్తుని మౌస్‌తో ఒక మూలకి తీసుకుపోయి, ఒక జాబితా తెరిచి, అందులో ఎక్కడో ఉన్నదాన్ని నొక్కి లేపాలి. కళ్ళున్నవాడే వెతుక్కోవాలి.

మూడోది పెట్టాడు. "దీని పేరు ఉబుంటు మాటే."

"మాటేనా?"

"ఇంగ్లీషుల మేట్ అని ఉన్నట్టు కనిపిస్తది గానీ పలికేది మాటే అనే."

"మంచి పేరే పెట్టిండ్రు," అని వాసవి నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి కొట్టు వైపు తలుపు చూసుకుంది.

ఇది ఆ మెషీన్‌కి బరువు కాలేదు. ఇందులో మూడు మీటలు కలిపి నొక్కితే గొంతు లేస్తుంది. భానుప్రకాష్ ఏవో సరిచేసి తెలుగు పెట్టాడు. ముక్కుదిబ్బడ వేసినవాడు బడిలో పాఠం చదువుతున్నట్టు ఉంది ఆ గొంతు. అయినా తెలుగే. ఈసారి వాసవి కళ్ళకి తువ్వాలు కట్టుకుంది. తడుముకుంటూ మూడు మీటలూ పట్టుకుని నొక్కింది. గొంతు లేచింది. బాణం మీటలతో ఒక్కొక్కటే దిగుతుంటే, తానెక్కడుందో అది చెబుతూనే ఉంది. దారి తప్పితే వెనక్కి రావడం ఎలాగో కూడా రెండు మూడుసార్లలో పట్టుబడింది. తెరుచుకున్న ఖాళీ కాగితంలో తన పేరు కొడితే, అక్షరం వెంట అక్షరం పలికింది. చీకట్లో ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టయింది వాసవికి. తువ్వాలు తీయబుద్ధి కాలేదు.

"ఇదే, అక్కా," అన్నాడు భానుప్రకాష్ ఉత్సాహంగా. "ఇది నేర్చుకుంటే బావ ఎవరి మీదా ఆధారపడడు. పేపరు తనే చదువుకుంటడు. పాతవి కూడ, ఎప్పటివి కావాలంటే అప్పటివి. ఎవరి గురించి తెల్సుకోవాలన్నా తనే వెతుక్కుంటడు."

వాసవి తువ్వాలు విప్పింది. పాత పేపర్లలో ఆ పేలుడు వార్త ఉంటుంది. అందులో ఎంతమంది పోయారో ఉంటుంది.

"రెండోది పెట్టు," అంది.

"ఏది, మౌస్‌తో లేపేదా? ఎందుకక్కా?"

"అదైతే తొందరగ తెరుచుకుంటున్నది."

"బావ తనంతట తాను నడుపుకోలేడు గదా దాన్ని. ప్రతిసారీ నువ్వొచ్చి లేపాలె."

"నేనెక్కడికి పోత? ఇంట్లనే ఉంట గదా."

"పోనీ దాన్నే దానంతటది పలికేటట్టు చేస్త, కొంచెం టైం పడ్తది..."

"వద్దురా. నేను చూసుకుంట. చెప్పింది పెట్టు."

అక్క అంత గట్టిగా ఎందుకంటోందో భానుప్రకాష్‌కి అర్థం కాలేదు. పొజ్జా సంగతి దాచారని అతనికి తెలుసు గానీ, దానికీ దీనికీ ముడి పెట్టుకోలేదు. చెప్పింది పెట్టి, నాలుగు మీటల పని బావకి నేర్పి, మిగతా పెన్‌డ్రైవులు సొరుగులో వేసి మర్నాటి బస్సుకి వెళ్ళిపోయాడు.

*

మొదట్లో రాంప్రసాద్ దాన్ని పట్టించుకోలేదు. మంచం మీంచే విని, "వీడెవడు, జలుబు చేసినట్టున్నడు," అన్నాడు. తర్వాత ఒకరోజు తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడు మళ్ళీ కూర్చున్నాడు. వాసవి గొంతు లేపి, తానెంచిన పేజీ తెరిచిపెట్టి, కొట్టులోకి పోయేది. క్రికెట్, వానలు, ధరలు, పురాణం. అతను బాణం మీటతో ఒక్కో వరసా దిగుతూ వినేవాడు. అయిపోగానే పిలిచేవాడు.

"వాసవీ, ఇంకోటి తెరువు."

బేరాలుంటే ఆమె వెంటనే రాలేకపోయేది. మధ్యలో కరెంటు పోయి వస్తే మెషీన్ మళ్ళీ మూగబోయేది. "వాసవీ, లేపు దీన్ని," అని పిలిచేవాడు. తర్వాత్తర్వాత పిలవడం తగ్గించాడు. బేరాల మధ్య భార్యని లేపడం అతనికే ఇబ్బందనిపించి ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఆమె తీరిక చేసుకుని లోపలికి వెళ్ళేసరికి, మూగ కంప్యూటర్ ముందు మీటల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. స్క్రీన్ నిండా ఏవేవో పెట్టెలు ఒకదాని మీద ఒకటి తెరుచుకుని ఉన్నాయి.

"ఎంతసేపైంది ఆగిపోయి?"

"తెల్వదు. ఏదో ఒకటి నొక్కుతే పలుకుతదేమోనని చూసిన. ఎక్కడున్ననో తెల్వలే."

ఆమె పెట్టెలన్నీ మూసింది.

"నాకు నేనుగ లేపుకునేది లేదా?" అని అడిగాడు. "మీ తమ్ముడు మూడు తెచ్చిండన్నవ్ గదా."

"మిగతావి ఈ మెషీన్ మీద నడవలే," అంది వాసవి.

ఆ వారమే సంత రోజు పొజ్జా భార్య జోగే వచ్చింది. చంకలో పిల్ల, తలమీద ఇప్పపువ్వు గంప. గంప మెట్ల పక్కన దించి నిలబడింది. పొజ్జా పోయాక వాసవి ఆమెని చూడటం అదే మొదలు. మెడలో పూసలు లేవు.

"మిర్చి ఏరనీకి పోతున్నం, అక్కా. తెలంగాణ దిక్కు. రాంప్రసాద్ దాదాని ఒకసారి చూసి, ఒకమాట అడిగి పోత."

వాసవి గల్లా దగ్గర్నుంచి లేచి గబగబా మెట్లు దిగింది. జోగే చెయ్యి పట్టుకుని పక్క కొట్టు గోడ వైపు నడిపించింది. "ఇప్పుడు కాదు జోగే. ఒంట్ల బాగలేదు. ఆయనకింకా తెల్వదు. మళ్ళొచ్చినప్పుడు చూద్దువు గానీ."

"ఒక్కమాటే, అక్కా."

లోపల్నుంచి రాంప్రసాద్ గొంతు వినబడింది. "ఎవరు వాసవీ? జోగే గొంతు లెక్కుంది?"

"కాదు," అని వాసవి అరిచింది. "ఎవరో చింతపండు అడుగుతున్నరు."

జోగేకి తెలుగు బాగా వచ్చు. వాసవి ముఖంలోకి ఒకసారి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపముంటే వాసవికి కాస్త తేలిగ్గా ఉండేది. పిల్లని చంకలో సర్దుకుని, గంప ఎత్తుకుని, జోగే సంత జనంలో కలిసిపోయింది.

వాసవి గల్లా దగ్గరికి పోయి కూర్చుంది. ఒకరికి పప్పు ఇవ్వాల్సింది శనగలు తూచింది. సంత రోజు బేరం ఎవరూ వదులుకోరు. అయినా ఆమె షట్టరు దించేసి వెనక గదిలోకి వెళ్ళింది.

"అప్పుడే మూసినవేంది?" అన్నాడు రాంప్రసాద్.

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. "పొజ్జా లేడు," అంది.

"ఎక్కడికి పోయిండు?"

"చచ్చిపోయిండు. ఆ రోజే పోయిండు. మీకు తట్టుకునే శక్తి లేదని..."

"అబద్ధం," అన్నాడతను నెమ్మదిగా. "నేను విన్న వాడి గొంతు. పేలినాంక విన్న. నన్ను పిలిచిండు. చచ్చినోడు పిలుస్తడా? అందుకే నువ్వు ఉన్నడనంగనే నమ్మిన."

ఈ మాట ఆమెకి తెలియదు. ఇన్నాళ్ళలో అతను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఆమె ఎప్పుడు అడిగింది గనక?

"తర్వాత పోయిండేమో," అంది.

అతను రెండు వేళ్ళు లేని ఎడమ చేత్తో దుప్పటి అంచు పట్టుకోబోతే అది జారిపోతోంది.

"ఇందాక వచ్చిందెవరు?"

"జోగేనే."

"చింతపండు," అన్నాడు.

వాసవి ఏడ్చింది. అతను ఓదార్చలేదు, తిట్టలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా ఉండి, "ఇంకేం దాచినవ్?" అని అడిగాడు.

లేదందామనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. "ఎండలు తగ్గినాంక కంటికి ఇంకో ఆపరేషన్ అన్న గదా. లేదు. హైదరాబాద్ డాక్టరు అప్పుడే చెప్పేసిండు. ఏసే చుక్కలు మంటకి, అంతే."

రాంప్రసాద్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "కర్ర పట్టుకొని నడుస్తున్నడన్నవ్," అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే వాసవి సొరుగులోంచి మూడో పెన్‌డ్రైవ్ తీసింది. తమ్ముడికి ఫోన్ చేసి, అతను చెబుతుంటే ఒక్కొక్కటే చేసింది. లోపలున్నదంతా తుడిచేసి పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగినప్పుడు చెయ్యి ఆగింది. తమ్ముడు పెట్టిపోయిందే తప్ప అందులో పోయేదేమీ లేదు. సరేనని నొక్కింది. భానుప్రకాష్ భయపెట్టినంత కష్టమేం కాలేదు. అడిగినవి అడిగినట్టు పూరిస్తూ పోతే అదే పెట్టుకుంది. తెలుగు గొంతు పెట్టడం దగ్గర మాత్రం ఇద్దరూ ఫోన్లో చాలాసేపు తంటాలు పడ్డారు.

అంతా అయ్యాక భర్త దగ్గరికి వెళ్ళింది. "ఇది మీరే లేపుకోవచ్చు. మూడు మీటలు. అప్పుడు నడవదని చెప్పింది కూడ అబద్ధమే."

అతను వచ్చి కూర్చున్నాడు. ఆమె అతని వేళ్ళు పట్టుకుని మీటల మీద పెట్టబోయింది. అతను ఆమె చెయ్యి పక్కకి తీసేశాడు. తడిమి, లెక్కపెట్టుకుని, తనే నొక్కాడు. ఒకసారి కాదు, చాలాసార్లు తప్పింది. ఆమె పక్కనే నిలబడి, చూపించడానికి వీల్లేక, చూస్తూ ఉండిపోయింది. చివరికి గొంతు లేచింది.

తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడింది ఆ గొంతే. రాంప్రసాద్ భార్యతో అన్నం, నీళ్ళు, స్నానం, అంతవరకే మాట్లాడేవాడు. పగలంతా మెషీన్ ముందే. తప్పులు చేసి, దారితప్పి, మళ్ళీ మొదటికొచ్చి, పేపర్లు వెతకడం తనే నేర్చుకున్నాడు. ఆ గొంతు వేగం పెంచుకున్నాడు కూడా. వాసవికి ఇప్పుడు దాని మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అతను దేనికి ఆగుతున్నాడో, దేనికి తల వంచుకుంటున్నాడో ఆమెకి తెలిసేది కాదు. ఆ మెషీన్ మీద ఆమెకి అసూయ పుట్టింది. మరునిమిషం సిగ్గేసింది.

ఒకనాడు అతనే వేగం తగ్గించి ఒక వార్త వినిపించాడు. భేజ్జి దారిలో పేలుడు. కోంటాకి చెందిన వ్యాపారికి తీవ్రగాయాలు, ఒక కూలీ మృతి. అంతే.

"పేరు రాయలే," అన్నాడు. "అన్ని పేపర్లల్ల వెతికిన. ఎక్కడా పొజ్జా పేరు లేదు." ఆ తర్వాత, "నన్ను వాళ్ళ ఊరికి తీస్కపో," అన్నాడు.

ఆటో మాట్లాడుకుని వెళ్ళారు. పేలిన చోటు దాటేటప్పుడు ఆటోవాడు చెప్పలేదు, వాసవీ చెప్పలేదు. కానీ రాంప్రసాద్ సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. రోడ్డు వంపుల్ని బట్టి అతనికి తెలిసిపోయింది.

జోగే ఇంటి తడిక కట్టేసి ఉంది. పొజ్జా పెదనాన్న బిజ్జా పక్కింట్లోంచి వచ్చాడు. ముసలివాడు. జోగే మిర్చి చేలకి పోయిందనీ, తునికాకు కోతల వేళకి వస్తుందనీ చెప్పాడు. రాంప్రసాద్‌ని చెయ్యి పట్టుకుని ఊరి చివరకి తీసుకుపోయి, పొజ్జా పేర నిలబెట్టిన రాయి మీద అతని చెయ్యి పెట్టించాడు. రాంప్రసాద్ దాన్ని కిందినుంచి పైదాకా తడిమాడు. నున్నటి ఆ వేళ్ళకి గరుకు ఎంత తెలిసిందో మరి.

"ఇంత పొట్టిదా?" అన్నాడు.

"దొరికింది పెట్టినం," అన్నాడు బిజ్జా.

*

ఎండలు మండిపోతున్న రోజుల్లో జోగే తిరిగొచ్చింది. ఈసారి మెట్ల దగ్గర ఆగిపోయింది, పిలిచేదాకా లోపలికి రానన్నట్టు. వాసవి ఎదురెళ్ళి పిల్లని అందుకుంది. "రా జోగే. లోపలున్నరు," అంది. జోగే చేతులు మిర్చి ఘాటుకి ఎర్రగా పొక్కి ఉన్నాయి.

రాంప్రసాద్ మెషీన్ గొంతు ఆపేసి లేచాడు. గోడ పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు. జోగే అతని ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ కింద చాప మీద కూర్చున్నారు.

"అప్పుడు నిన్ను ఎనక్కి పంపిందంట," అన్నాడు రాంప్రసాద్. "నాకు తెల్వలే, జోగే."

"పోనీ, దాదా," అంది జోగే. "నేను అడుగుదామనుకున్నది ఒక్కటే. వాడు అక్కడికక్కడే పోయిండన్నరు అందరు. క్యాంపోళ్ళు అన్నరు, ఊరోళ్ళు అన్నరు. నొప్పి ఏం తెల్వలేదన్నరు. అంతేనా?" అంది.

వాసవి పిల్లని ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. అవునని చెప్పు, అనుకుంది. ఒక్క మాట, అవునని చెప్పు. భర్త ముఖంలో ఏదీ కనబడలేదు. కళ్ళు లేని ముఖంలో ఏం చూడాలో ఆమెకి ఇంకా అలవాటు కాలేదు.

"కాదు, జోగే," అన్నాడు రాంప్రసాద్.

జోగే అతనికి దగ్గరగా జరిగింది.

"నన్ను పిలిచిండు. తర్వాత నీళ్ళడిగిండు. నాకేం కనబడ్తలేదు. చెవులు గుయ్యిమంటున్నయి. నేను పాక్కుంటు పోయిన వాడి కాడికి. గొంతు ఎటునుంచి వస్తున్నదో తెల్వలే. పోయిన కొద్దీ చిన్నగైంది. నేను పోయింది అటు కాదు, జోగే. వేరే దిక్కుకు పోయిన."

"ఎంతసేపు?"

"తెల్వదు. చానాసేపే."

"ఇంకేమన్నడు?"

"అవ్వని పిలిచిండు. ఇంకేందో అన్నడు మీ మాటల, సరిగ వినబడలే."

"నా పేరు?"

"అన్నట్టే ఉంది. కానీ గట్టిగ చెప్పలేను."

జోగే మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఏడుపు చప్పుడు బయటికి రాలేదు, వీపు మాత్రం అదిరింది. కొంతసేపటికి లేచి, వాసవి చేతుల్లోంచి పిల్లని తీసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. వాసవి పెట్టిన మంచినీళ్ళు ముట్టలేదు.

"అవునంటే ఏం పోయేది?" అంది వాసవి. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో కోపం వచ్చింది. "నొప్పి లేకుండ పోయిండని అనుకొని బతుకుతుండె. అది కూడ తీసేసుకున్నరు."

"నువ్వు కూడ నాకు గట్లనే చేసినవ్ గదా," అన్నాడతను. దెప్పిపొడిచినట్టు లేదు. అడుగుతున్నట్టుంది. "నేను చేసింది తప్పా?"

"నాకు తెల్వదు," అంది వాసవి. నిజంగానే ఆమెకి తెలియదు.

ఆమె కింద అతని పక్కన కూర్చుని, చేతి మీద చెయ్యి వేసింది. అతను దగ్గరికి జరగలేదు, ఆమె చెయ్యి మాత్రం తీసేయలేదు. జోగే ఇక ఈ గడప తొక్కదని ఇద్దరూ అనుకున్నారు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు.

తర్వాతి సంతకి జోగే వచ్చింది. అమ్మడానికి ఏమీ తేలేదు. పిల్లని చాప మీద పడుకోబెట్టి, రాంప్రసాద్ ఎదురుగా కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మళ్ళ చెప్పు, దాదా," అంది. "సంత కాడ బండెక్కిన కాడికెల్లి చెప్పు. మొత్తం చెప్పు."

వాసవి షట్టరు సగానికి దించి, వచ్చి జోగే పక్కన కూర్చుంది. రాంప్రసాద్ గొంతు సవరించుకుని, సంతలో ఆ రోజు చివరి బస్తా ఎత్తిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.